స్త్రీల సాహిత్యం అందరి పాఠం కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

డిగ్రీ తెలుగు పాఠ్యాంశాల్లో స్త్రీల సాహిత్యానికి ప్రత్యేకంగా చోటు ఎందుకని ప్రశ్నిస్తూ ఇటీవల మీ పత్రిక పాఠకుల పేజీలో వచ్చిన లేఖ చదివాను. సాహిత్యానికి ఆడ, మగ తేడా ఉండదనీ, మంచి పద్యం ఎవరు చెప్పినా మంచి పద్యమేననీ, విడిగా ఒక విభాగం పెడితే పిల్లల మనసుల్లో లేనిపోని వేర్పాటు పుడుతుందనీ ఆ లేఖ రాసినవారు బాధపడ్డారు. వారి బాధలో నిజాయితీ ఉంది. అందుకే రెండు మాటల్లో కొట్టిపారేయకుండా వివరంగా జవాబు రాస్తున్నాను. కడపలో ఆడపిల్లల కళాశాలలోనూ, ఆడా మగా కలిసి చదివే కళాశాలలోనూ తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బద్వేలు, రాయచోటి వైపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలకు ఈ పాఠాలు చెప్పినప్పుడు వాళ్లు ఏం నేర్చుకుంటున్నారో దగ్గరగా చూశాను.

స్త్రీల రచనలను శ్రద్ధగా చదివిన విద్యార్థులు, మనుషుల మీద లోకం వేసే ముద్రలను ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకోవడం మానేస్తారు. ఈ ముద్ర ఎవరు వేశారు, దేన్ని చూసి వేశారు, అదే పని మరొకరు చేస్తే అదే ముద్ర వేశారా అని అడగడం మొదలుపెడతారు. ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా పదునైనది. దాన్ని మన జిల్లా కవుల మీదనే ప్రయోగించి చూపిస్తాను.

మొల్ల రామాయణం అవతారికలో, అంటే పీఠికలో, ఒక సీసపద్యం ఉంది. దేశ్యపదాలు, సంధులు, సమాసాలు, శయ్యలు, రీతులు, విభక్తులు, ధాతువులు, అలంకారాలు, ఛందస్సు, నిఘంటువులు, ఇవేవీ తనకు తెలియవనీ, గోపవరంలోని శ్రీకంఠ మల్లేశుని వరం వల్ల కవిత్వం చెప్పడం నేర్చుకున్నాననీ ఆమె అందులో చెప్పుకుంది. ఆ గోపవరం మా బద్వేలు దగ్గరిదేనని ఇక్కడివాళ్లు, నెల్లూరు సీమలోనిదని అక్కడివాళ్లు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఆ వాదం నాకిప్పుడు అవసరం లేదు. ఆ పద్యాన్ని పట్టుకుని తరతరాలుగా మనం పిల్లలకు చెప్పిందేమిటన్నదే నాకు కావలసింది. కుమ్మరి ఇంట పుట్టిన చదువురాని పడుచు, దేవుడి దయవల్ల ఏదో రామాయణం చెప్పిందని చెప్పాం. పాఠ్యపుస్తకాల్లోని కవి పరిచయాలు మొదలుకొని పిల్లల నాటికల దాకా ఇదే మాట వినబడుతుంది.

ఇప్పుడు పోతనను పక్కన పెట్టి చూడండి. మా ఒంటిమిట్టలో ఆయన్ను మావాడనే అంటాం, ఓరుగల్లు వైపు బమ్మెర ఊరివారు వాళ్లవాడంటారు. తాను పలికేది భాగవతమనీ, పలికించేవాడు రామభద్రుడనీ ఆయనా చెప్పుకున్నాడు. భాగవతాన్ని తెలిసి పలకడం శివుడికీ బ్రహ్మకూ కూడా కష్టమేననీ, తాను పెద్దల వల్ల విన్నంత, కన్నంత, తెలియవచ్చినంత తేటపరుస్తాననీ ఆయనా వినయంగా అన్నాడు. భాగవత స్కంధాల చివర, రామాయణ కాండల చివర వచ్చే గద్యలలో ఆయన కేసన మంత్రి పుత్రుడు, ఆమె కేసనసెట్టి తనయ. ఆయన కవిత్వం పరమేశ్వర కరుణ వల్ల కలిగింది, ఆమెది గౌరీశ్వరుని వరప్రసాదం వల్ల లభించింది. ఇద్దరూ దాదాపు ఒకే మాట చెప్పారు. ఆయన విషయంలో ఆ మాటను వినయమనీ, భక్తి అనీ అర్థం చేసుకున్నాం. గురువు లేకుండానే అబ్బిన చదువును ఆయన సహజపాండిత్యమని చెప్పుకుంటే ఆ బిరుదును శిరసావహించాం. ఆమె విషయంలో మాత్రం అదే మాటను అక్షరాలా నమ్మి, చదువు లేదనడానికి రుజువుగా రాసుకున్నాం.

తరగతిలో ఈ రెండు అవతారికలనూ పక్కపక్కన చదివించినప్పుడు, విద్యార్థులు నేను చెప్పకముందే ఒక సంగతి పట్టుకునేవారు. ఛందస్సు తెలియదని చెప్పడానికి మొల్ల ఎన్నుకున్నది సీసం, దాని కింద తేటగీతి. తెలియవని ఆమె ఏకరువు పెట్టిన వాటి పేర్లన్నీ ఒక క్రమంలో చెప్పాలంటే వ్యాకరణమూ అలంకారశాస్త్రమూ చదివి ఉండాలి. అదే అవతారికలో, తేనె సోకగానే నోరు తీయనైనట్టు పద్యం వినగానే అర్థం తోచాలనీ, గూఢ శబ్దాలు కూర్చిన కావ్యం మూగవాడూ చెవిటివాడూ ముచ్చటించుకున్నట్టు ఉంటుందనీ ఆమె తీర్మానించింది. కావ్యం ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో ఆలోచించి నిర్ణయించుకున్న కవి మాట అది. ఆ ముక్క తెలిశాక మొల్ల రామాయణం పిల్లలకు కొత్త పుస్తకంలా కనబడేది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. కుమ్మరి కులస్థులు మొల్లను తమ ఆడబిడ్డగా గర్వంగా చెప్పుకోవడం వేరు. ఆ కులంలో పుట్టింది కనుక చదువు ఉండదని ఇంకొకరు తేల్చేయడం వేరు. మొదటిది తమ మనిషిని తాము గుర్తించుకోవడం, రెండోది పైవాళ్లు వేసిన ముద్ర. మాట ఒకటే అయినా పలికేవారిని బట్టి దాని పని మారిపోతుంది. గుర్తింపు గురించి వ్యాసాలూ ఉపన్యాసాలూ ఎన్ని విన్నా పిల్లలకు అంతుపట్టని ఈ తేడా, మొల్ల దగ్గర కాసేపు నిలబడితే తెలిసిపోతుంది.

తిమ్మక్క సంగతి ఇంకా దగ్గరిది. కడప నుంచి తిరుపతికి వెళ్లే దారిలో తాళ్లపాక దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహాన్ని బస్సులో నుంచి చూడని విద్యార్థి మా కళాశాలల్లో ఉండడు. అన్నమయ్య భార్య తిమ్మక్క 15వ శతాబ్దంలో సుభద్రాకల్యాణమనే ద్విపద కావ్యం రాసిందని అడిగితే, తెలిసినవారు కొద్దిమందే. చాలాకాలం మొల్లనే తొలి తెలుగు కవయిత్రిగా చెప్పుకున్నాం. తాళ్లపాక వాఙ్మయం 20వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చాక ఆ స్థానం తిమ్మక్కకు దక్కింది. అయినా ఆమెను పరిచయం చేసే ప్రతి వాక్యమూ భర్త పేరుతోనే మొదలవుతుంది. పైన నేను రాసిన వాక్యమూ అలాగే మొదలైంది, ఎందుకంటే ఇంకో విధంగా చెబితే ఎవరో పాఠకులకు తెలియదు. కావ్యాన్ని పాఠంగా పెట్టనిదే ఈ పరిస్థితి మారదు.

మంచి పద్యం ఎవరు చెప్పినా మంచి పద్యమే అన్న మాట దగ్గరకు వస్తాను. ఆ సూత్రాన్ని నేను మనసారా ఒప్పుకుంటాను. మన సాహిత్య చరిత్ర దాన్ని పాటించిందా అన్నదే ప్రశ్న. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. మొల్లలా ఆమె వినయం చూపలేదు, తన పాండిత్యాన్ని గర్వంగానే చెప్పుకుంది. ఆ కావ్యం గురించి రాస్తూ కందుకూరి వీరేశలింగం గారు ఆమె వేశ్య అన్న సంగతిని ముందుకు తెచ్చి, అందులోని శృంగారం స్త్రీ నోట రాదగినది కాదనీ, స్త్రీలు వినదగినది కాదనీ తీర్పు చెప్పారు. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించినప్పుడు, సిగ్గు అనేది ఆడవాళ్లకే గాని మగవాళ్లకు అక్కరలేదా అని నిలదీసింది. పండితులు మెచ్చి పరిష్కరించిన మగకవుల కావ్యాల్లో అంతకు మించిన శృంగారం లేదా అని అడిగింది. ప్రభుత్వం మాత్రం ఆ పుస్తకాన్ని అసభ్యమని నిషేధించి, ప్రతులను స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన రోజుల్లో గాని ఆ నిషేధం తొలగలేదు. అదే నాగరత్నమ్మ తన సంపాదన వెచ్చించి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించింది. ఆమె ఔదార్యాన్ని పొగిడిన లోకమే ఆమె సాహిత్య వివేకాన్ని అనుమానించింది.

ఈ పాఠం చెప్పేటప్పుడు నేను వీరేశలింగం గారిని దోషిగా నిలబెట్టలేదు, ఎవరూ నిలబెట్టకూడదు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి, ఆడపిల్లల చదువు కోసం జీవితమంతా పాటుపడిన మనిషి ఆయన. అంతటి సంస్కర్త చేత కూడా కావ్యం కన్నా ముందు కవి పుట్టుకను చూసేలా చేసిందంటే, ముద్రకు ఎంత బలముందో పిల్లలు ఆలోచించాలి. చెడ్డవాళ్లు మాత్రమే ముద్రలు వేస్తారనుకుంటే ఈ చదువు వృథా. వినయంగా మాట్లాడిన మొల్లకు చదువు లేదన్నారు, గర్వంగా మాట్లాడిన ముద్దుపళనికి సిగ్గు లేదన్నారు. ఈ రెండిటినీ కలిపి చదివిన విద్యార్థి, తన చుట్టూ ఉన్న ఆడవాళ్ల గురించి జనం అనే మాటలను ఇక అంత తేలికగా నమ్మడు.

కథ విషయంలోనూ ఇలాగే జరిగింది. 1910లో వచ్చిన గురజాడ దిద్దుబాటే తెలుగులో తొలి ఆధునిక కథ అని తరతరాలు చదువుకున్నాం. భండారు అచ్చమాంబ 1902లోనే ధనత్రయోదశి కథ రాసింది. 1874లో పుట్టి 1905లో చనిపోయిన ఆమె, ఆ కొద్ది జీవితంలోనే అబలా సచ్చరిత్ర రత్నమాల పేరుతో మన దేశపు స్త్రీల చరిత్రలను సేకరించింది. ఏది తొలి కథ అన్న చర్చ ఇంకా సాగుతోంది, సాగాలి కూడా. అయితే ఆ చర్చ మొదలు కావడానికే అన్ని దశాబ్దాలు ఎందుకు పట్టిందన్నది, తొలి కథ ఏదన్నదాని కన్నా నాకు పెద్ద ప్రశ్నగా కనిపిస్తుంది.

పాత కావ్యాల నుంచి ఇప్పటి ఇళ్లలోకి వస్తాను. పి. సత్యవతి గారి ఇల్లలకగానే కథలో ఒక గృహిణి ఇంటిపని చేసుకుంటూ చేసుకుంటూ ఒకనాడు తన పేరేమిటో మరిచిపోతుంది. ఇంట్లో, ఇరుగుపొరుగులో ఎవరూ ఆమెను పేరుతో పిలవరు, ఏదో ఒక వరసతోనే పిలుస్తారు. ఆ పేరు కోసం ఆమె పుట్టింటి దాకా వెళుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఆమెను పేరు పెట్టి పిలిచి, ఆమె ఏం చదివిందో, ఏయే కళల్లో ముందుండేదో గుర్తు చేస్తుంది. ఈ కథ చెప్పిన తర్వాత విద్యార్థులను వాళ్ల జేజి పేరు, అవ్వ పేరు, అంటే నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు కాగితం మీద రాయమనేదాన్ని. చాలామంది కలం పట్టుకుని ఆగిపోయేవారు. జేజిని ప్రాణంగా చూసుకునే పిల్లలే అయినా, ఆమె ఫలానా వాళ్ల కోడలిగా, ఫలానా ఆయన భార్యగా, ఫలానా ఊరి ఆడబిడ్డగానే తప్ప వాళ్లకు తెలియదు. ఇంటికి వెళ్లి అడిగి మరునాడు రాసుకొచ్చేవారు. ఆ ఒక్క పనివల్ల ఎన్నో ఇళ్లలో ఆ రాత్రి ఏవో పాత సంగతులు బయటికి వచ్చాయని పిల్లలు చెప్పినప్పుడు, పాఠ్యపుస్తకం నెరవేర్చవలసిన పని నెరవేరిందనిపించేది.

వరసలు పెట్టి పిలవడం మన సంస్కారం కదా, అందులో తప్పేమిటని ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. అమ్మా, అక్కా, వదినా అన్న పిలుపుల్లో ఆప్యాయత ఉంది, దాన్ని వదులుకోమని ఏ రచయిత్రీ చెప్పలేదు. మగవాడికి వరసా ఉంటుంది, దానితోపాటు పేరూ, పనీ, పొలం పట్టా ఉంటాయి. ఆడమనిషికి వరస ఒక్కటే మిగలడమే ఆ కథలోని దుఃఖం. మన పల్లెల్లో శనక్కాయ పొలంలో విత్తనం వేసిన దగ్గర నుంచి కాయలు ఒలిచేదాకా వంగి పనిచేసే మనిషిని ఎవరూ రైతు అనరు, రైతు భార్య అంటారు, లేదా కూలి మనిషి అంటారు. పట్టా ఆమె పేరిట ఉండదు కనుక పంట నష్టమైనప్పుడు, అప్పు కావాలన్నప్పుడు ఆమె మాట ఎక్కడా చెల్లదు. ముద్ర ఏదో మనసును నొప్పించే మాట మాత్రమే అనుకునేవారు ఇటువంటి చోట దాని ధర ఎంతో లెక్క వేయాలి.

మా వైపు ఇంకొక ముద్ర ఉంది, దాన్ని గురించి బయట మాట్లాడడానికి జనం వెనకాడతారు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు పంపే డబ్బుతో ఇక్కడ అప్పులు తీరాయి, ఇళ్లు లేచాయి, పిల్లలు కళాశాల మెట్లు ఎక్కారు. అదే కువైట్‌కు భర్త వెళితే ఇంటికోసం కష్టపడుతున్న మనిషి అంటాం. భార్య వెళితే ఆమె నడవడిక గురించి గుసగుసలాడతాం, పెళ్లి సంబంధాల దగ్గర ఆ సంగతిని ఆమె కూతురి మీదకు తెస్తాం. మొల్లను, పోతనను పక్కపక్కన చదివిన తరగతిలోనే ఈ మాట వచ్చింది, తెచ్చింది విద్యార్థులే. తన తల్లి కువైట్‌లో ఉందన్న సంగతిని అంతవరకు స్నేహితుల దగ్గర దాచుకున్న ఒక అబ్బాయి, ఆ రోజు లేచి నిలబడి ఆ మాట అందరి ముందూ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్లవాడికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కనుకనే, ఈ పాఠం మగపిల్లలకు ఎందుకని ఎవరైనా అడిగితే నాకు బాధ కలుగుతుంది.

స్త్రీల సాహిత్యం అన్న మాట కూడా ఒక ముద్రే కదా అని మీ లేఖకుడు అడగవచ్చు. అవును, ముద్రే, ఆ సంగతిని గట్టిగా చెప్పినవారు కూడా రచయిత్రులే. స్త్రీ అంటే ఎవరని దళిత రచయిత్రులు 1990ల నుంచి స్త్రీవాదులను సూటిగా అడిగారు. వంటింటి నుంచి బయటపడాలని కోరుకునే స్త్రీ, ఏనాడూ ఇంటిపట్టున ఉండే వీలే లేక పొలాల్లో, వీధుల్లో పనిచేస్తూ కులం పేరుతో తిట్లు తినే స్త్రీ, ఇద్దరూ ఒకే మాటలో ఇముడుతారా అన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన నల్లపొద్దు, 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవాటిని ఒకచోట చేర్చింది. అన్నేళ్లుగా రాస్తూనే ఉన్నారన్న సంగతి అప్పటిదాకా చాలామంది తెలుగు అధ్యాపకులకే తెలియదు. చల్లపల్లి స్వరూపరాణి కవిత్వం, జాజుల గౌరి, జూపాక సుభద్ర కథలు, మా కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించే ఎం.ఎం. వినోదిని రచనలు ఆ ప్రశ్నను ఇంకా లోతుకు తీసుకెళ్లాయి. షాజహానా రాసిన నఖాబ్ సంపుటిలోని కవితలను మా తరగతుల్లో చదివినప్పుడు, బురఖా వేసుకుని వచ్చే అమ్మాయిల ముఖాల్లో మార్పు చూశాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగులో మంచి మార్కులు తెచ్చుకునే ఆ పిల్లలను చూసి జాలిపడేవాళ్లు ఒకవైపు, అనుమానించేవాళ్లు ఇంకోవైపు. తన మతంలోని మగవాళ్లనూ, తనను బయటి మనిషిగా చూసే సమాజాన్నీ ఒకే గొంతుతో ప్రశ్నించే కవిత్వం తెలుగులో ఉందని తెలియడమే వాళ్లకు పెద్ద బలం. ఆ కవిత్వానికి వివరణ నాకన్నా వాళ్లే బాగా చెప్పారు.

ఈ ప్రశ్నకు ఇంకొక అంచు కూడా ఉంది. ఎ. రేవతి రాసిన ఆత్మకథను పి. సత్యవతి గారు ఒక హిజ్రా ఆత్మకథ పేరుతో తెలుగు చేశారు, దానికి సాహిత్య అకాడమీ 2019 సంవత్సరపు అనువాద పురస్కారం లభించింది. మగబిడ్డగా పుట్టావు గనక అలాగే ఉండాలని ఇల్లు, బడి, ఊరు కలిసి నిర్బంధించినప్పుడు, తాను స్త్రీనని చెప్పుకోవడానికి ఒక మనిషి పడిన పాట్లు అందులో ఉన్నాయి. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తిస్తూ, తమ జెండర్‌ను తామే చెప్పుకునే హక్కు మనుషులకు ఉందని తీర్పు ఇచ్చింది. తీర్పు చదివితే హక్కు తెలుస్తుంది. ఆ పుస్తకం చదివితే, రైల్లో చప్పట్లు కొడుతూ దగ్గరకు వచ్చే మనిషి కళ్లలోకి చూడగలుగుతాం.

రాయలసీమ మగపాఠకులకు నాదొక మనవి. ముద్ర అంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన నాటి నుంచి మనల్ని దత్త మండలాలవారు అన్నారు. ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి చేతికి మారిన ఆస్తిలా పిలిపించుకోవడం మన పెద్దలకు అవమానంగా తోచింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదిస్తే ఆనందంగా స్వీకరించారు. ఆ తర్వాత సినిమాలు మనకు ఫ్యాక్షన్ సీమ అన్న ఇంకొక ముద్ర వేశాయి. హైదరాబాదులో అద్దె ఇల్లు అడిగే మన పిల్లలు, ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలు ఈనాటికీ ఆ ముద్రను మోస్తున్నారు. వేమనను, అన్నమయ్యను, కరువుతో పోరాడే రైతును పక్కకు నెట్టి, కత్తులూ బాంబులూ పట్టుకున్న నలుగురిని చూపించి సీమ అంటే ఇదే అన్నప్పుడు మనకు ఎంత కోపం వస్తుందో తెలుసు. ఆ కోపం న్యాయమైనదే. అదే న్యాయాన్ని మన ఇంటి ఆడవాళ్లకు వర్తింపజేయడానికి మనకు వేరే సిద్ధాంతం అవసరం లేదు. సీమ కథలోనూ ఆడమనిషి పగ తీర్చుకునే తల్లిగానో, పసుపుకుంకుమలు పోగొట్టుకున్న భార్యగానో తప్ప కనబడదు. ఆ కక్షల మధ్య పిల్లలను దాచి, చదివించి, పొలం కాపాడుకొచ్చిన స్త్రీల కథలు ఇంకా చాలినన్ని రాలేదు.

పాఠం ఉంటే చాలదు, చెప్పే తీరు కూడా మారాలి. పరీక్షలో స్త్రీవాద కవిత్వ లక్షణాలను వివరించండి అని ఒక ప్రశ్న వస్తుంది. గైడులో దానికి తయారుగా ఉన్న జవాబును పిల్లలు బట్టీ పట్టి రాస్తారు. ఒక్క కవిత కూడా చదవకుండానే స్త్రీవాద కవిత్వమంటే ఆక్రోశమనీ, పురుషద్వేషమనీ ఒక అభిప్రాయం ఏర్పరచుకుని బయటికి వెళతారు. ముద్రలను ప్రశ్నించవలసిన పాఠమే ఇలా కొత్త ముద్రను అంటిస్తుంది. 1984లో కవయిత్రి సావిత్రి రాసిన బందిపోట్లు చాలా చిన్న కవిత. పాఠం అప్పజెప్పకపోతే పెళ్లి చేస్తానని బెదిరించే పంతులుగారి మాట దగ్గర అది మొదలవుతుంది. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోతే సంబంధాలు చూడడం మొదలుపెట్టే ఇళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలకు దానికి వ్యాఖ్యానం అక్కరలేదు. లక్షణాలు చెప్పడానికి ముందు ఆ కవితను తరగతిలో పైకి చదివి, పిల్లలను మాట్లాడనిస్తే చాలు. పరీక్ష పత్రాలు తయారుచేసేవారు కూడా ఒక కవితనో, కథలోని ఒక భాగాన్నో ఇచ్చి, మీకేమనిపించిందో కారణాలతో రాయండి అని అడగవచ్చు. దిద్దడం కొంత కష్టమవుతుంది. ఆ కష్టం అధ్యాపకులు పడవలసినదే.

ప్రత్యేక విభాగం వద్దన్న మీ లేఖకుడితో ఒక విషయంలో నేను ఏకీభవిస్తాను. చివరి యూనిట్‌గా పెట్టి, సమయం చాలలేదని వదిలేసే విభాగం వల్ల ప్రయోజనం లేదు. ప్రాచీన సాహిత్యం చెప్పేటప్పుడు తిమ్మక్కా మొల్లా ముద్దుపళనీ, కథానిక చెప్పేటప్పుడు అచ్చమాంబ, ఆధునిక కవిత్వం చెప్పేటప్పుడు నేటి కవయిత్రులు వాళ్ల వాళ్ల స్థానాల్లో ఉండాలి. అలా అన్ని పాఠాల్లోకీ చేరేదాకా ప్రత్యేక విభాగం ఉండి తీరాలి, దాన్ని ఆడపిల్లల కళాశాలలకే వదిలేయకుండా అందరికీ తప్పనిసరి చేయాలి. కడప, అనంతపురం, కర్నూలు విశ్వవిద్యాలయాల తెలుగు పాఠ్యనిర్ణయ సంఘాలు ఈ మాటను పరిశీలించాలని కోరుతున్నాను.

అచ్చులోకి రాని సాహిత్యం గురించి కూడా ఒక మాట. కలుపు తీసేటప్పుడు, విసిరేటప్పుడు, దంచేటప్పుడు, పెళ్లిళ్లలో, గొబ్బిళ్ల దగ్గర, బిడ్డను నిద్రపుచ్చేటప్పుడు మన సీమ ఆడవాళ్లు పాడుకున్న పాటలను తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ పాటల్లో అత్తగారి మీద ఫిర్యాదు ఉంది, కరువు ఉంది, పుట్టింటి బెంగ ఉంది, మొగుణ్ణి ఆటపట్టించే చమత్కారమూ ఉంది. అణగిమణగి ఉండే ఇల్లాలు అని మనం ఎవరినైతే అనుకున్నామో ఆమె సొంత గొంతు వాటిలో వినబడుతుంది. కొన్ని ఇళ్లలో ఆ పాటలు రాసి పెట్టుకున్న పాత నోటుపుస్తకాలు ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం తాళపత్రాలతోపాటు అటువంటి నోటుపుస్తకాలనూ సేకరించి, పాడినవారి పేరు, ఊరు స్పష్టంగా రాసి భద్రపరచాలి. డిగ్రీ విద్యార్థులకు ఇచ్చే ప్రాజెక్టు పనుల్లో, తమ ఊరి పెద్దావిడలలో ఒకరి పాటలనో, జీవితాన్నో రికార్డు చేసి రాసుకురావడం ఒకటిగా పెట్టాలి. ఈ పనికి పెద్ద నిధులు అవసరం లేదు, చేతిలోని ఫోను చాలు. మొదలుపెట్టే కళాశాల ఏదైనా ఉంటే, పాటలను వర్గీకరించడంలోనూ, మాండలిక పదాలకు అర్థాలు రాయడంలోనూ సాయపడడానికి నేనూ, నాలాగే పదవీ విరమణ చేసిన కొందరు అధ్యాపకులూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు,
కడప.